పదకొండు సున్నాలు

భాలుబాసాలో మందుల దుకాణం పైనున్న రెండు గదుల ఆఫీసు మోనికాది. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది కింద బోర్డు చదివి, కాసేపు తచ్చాడి, తెలిసినవాళ్ళెవరూ చూడటం లేదని రూఢి చేసుకున్నాకే మెట్లెక్కుతారు. ఆ సోమవారం ఉదయం పౌల్‌రాజు మాత్రం ఎటూ చూడకుండా తిన్నగా పైకి వచ్చేశాడు. ఆయన కాళ్ళకున్న చెప్పులు రెండూ ఒక జతవి కావు.

ఆ చెప్పులు చూసి మోనికా సహాయకుడు అప్పలసూరి కుర్చీలోంచి లేచాడు. ఇద్దరూ కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళు ఒకే షెడ్డులో పనిచేశారు. సూరి పైన క్రేను మీద, పౌల్‌రాజు కింద కరెంటు పనిలో. చొక్కా గుండీ ఊడితే ఇంటికెళ్ళి మార్చుకొచ్చే మనిషి పౌల్‌రాజు.

"ఏట్రా పౌలూ, ఏటైనాది?"

"నన్ను దొంగన్నార్రా సూరీ. నిండు సభలో అన్నారు. జైలుకి పంపుతామన్నారు." పౌల్‌రాజు నిలబడే మాట్లాడుతున్నాడు. "నాను రాయని కాగితం నా చేతిరాతతో ఉంది. ఇదెలాగో నాకు తెలీదు. పిచ్చెక్కిపోతాదేమోనని భయంగా ఉంది."

లోపలి గదిలోంచి మోనికా వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, పొట్టిగా, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతూ ఉంటుంది. పదిహేడేళ్ళు రైల్వే క్లెయిముల ఆఫీసులో దారి తప్పిన పార్సిళ్ళ వెంట తిరిగి, ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. రిటైరై ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న అప్పలసూరి ఆమె దగ్గర చేరి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆమె ఒక్కసారైనా గొంతు పెంచగా అతను వినలేదు. ఎదుటివాడు అబద్ధమాడినప్పుడు ఆమె ఇంకా మెత్తగా మాట్లాడుతుంది. అది చూసినప్పుడల్లా సూరికి, క్రేను కొక్కెం చప్పుడు చెయ్యకుండా సరుకు మీదికి దిగడం గుర్తొచ్చేది.

"కూర్చోండి, పౌల్‌రాజు గారూ. బాబాయ్, ఆయనకి మంచినీళ్ళివ్వండి. మొదట్నుంచీ చెప్పండి. నాకు కరెంటు గురించి ఏమీ తెలీదనుకుని చెప్పండి."

పౌల్‌రాజు నీళ్ళు తాగి చెప్పాడు.

సీతారాండేరాలో తెలుగువాళ్ళుండే ఆయన వీధిలో పదకొండు ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళున్నాయి. మొదటిది ఆయనదే. రిటైరైనప్పుడు వచ్చినదాంట్లో సగం వాటికే పెట్టాడు. పగలు ఇంట్లో వాడుకోగా మిగిలిన కరెంటు వీధి లైనులోకి వెళ్ళిపోతుంది. ఇంతవరకూ పద్ధతేమిటంటే, పగలు ఒక యూనిట్ పంపితే సాయంత్రం ఒక యూనిట్ ఉచితంగా వాడుకోవచ్చు. యూనిట్‌కి యూనిట్ జమ. ఇప్పుడు కరెంటు సంస్థ ఆ పద్ధతి తీసెయ్యమంటోంది. పంపిన మూడు యూనిట్లకి ఒక్క యూనిట్ జమ చేస్తానంటోంది. దాని మీద కరెంటు రేట్లు తేల్చే కమిషన్ విచారణ పెట్టింది.

"వాళ్ళ మాటా తీసిపారేసేది కాదమ్మా," అన్నాడు పౌల్‌రాజు. "మిట్టమధ్యాన్నం మాకు అక్కర్లేనప్పుడు మీరిస్తారు, సాయంత్రం కొరత ఉన్నప్పుడు మీరు తీసుకుంటారు, రెండూ ఒకటెలాగవుతాయని అడుగుతున్నారు. మా మాటేటంటే, నా మేడ మీద పుట్టిన కరెంటు పక్కింటి ఫ్యానుకే పోతాది. దానికి ఎక్కడ్నించో తీగలాగి తేనక్కర్లేదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ప్రతి మే నెల్లోనూ మధ్యాన్నం పూట బరువు ఆగలేక కొట్టేసేది. ఈ ప్యానెళ్ళు పెట్టినాక ఒక్కసారి కొట్టలేదు. దానికి విలువ లేదా?"

"ఉందని రుజువేమిటి?"

"అదే నేను రాసిన లెక్క. ప్రతి ఇంటి నుంచీ ఏ రోజు ఎన్ని యూనిట్లు లైనులోకి పోయినాయో, ట్రాన్స్‌ఫార్మర్ కొట్టిందో లేదో, రెండేళ్ళు రోజూ రాసినాను. నెల్లో ఒకటో తారీఖు నుంచి ఏడేసి రోజులకో కాగితం. కమిషన్ వాళ్ళు ఈ ఏడాది లెక్కడిగితే ఆ ఫైలు అఫిడవిట్‌తో ఇచ్చినాం."

శనివారం సాక్చిలో విచారణప్పుడు హాలు నిండా జనం ఉండగా సంస్థ లాయరు ఆ ఫైల్లో ఒక కాగితం తీశాడు. జూన్ పన్నెండున పౌల్‌రాజు ఇంటి నుంచి పద్నాలుగు యూనిట్లు, సోమేశ్వరరావు ఇంటి నుంచి పదకొండు, ఇలా వీధంతా కరెంటు పంపినట్టు అందులో ఉంది. కానీ ఆ రోజు స్తంభాలు మార్చడానికి పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ వీధికి కరెంటు ఆపేశారు. లైను చచ్చిపోతే ప్యానెళ్ళూ వాటంతటవే ఆగిపోతాయి. స్తంభం మీదున్న మనిషికి షాకు కొట్టకుండా అలాగే తయారుచేస్తారు. అంటే ఆ అంకెలు పచ్చి అబద్ధం. ఒక కాగితం అబద్ధమైతే ఫైలంతా అబద్ధమేనన్నాడు లాయరు. దొంగ ప్రమాణం కింద కేసు పెట్టాలన్నాడు.

"ఆ రోజు నాకు బాగా గుర్తమ్మా. అందరికీ సున్నాలు పెట్టినాను. సున్నా తర్వాత సున్నా. పెడతంటే నవ్వొచ్చింది కూడాను. ఆ కాగితం లేదు. దాని చోట ఇది ఉంది. రాత నాదే!" ఆయన చేతులు రెండూ చూసుకున్నాడు, అవి తనవో కావో అన్నట్టు. "వీధిలో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. పదిహేను రోజుల్లో మళ్ళీ విచారణ."

మోనికా కళ్ళజోడు పెట్టుకుంది. "ఆ ఫైలు?"

"కమిషన్ దగ్గరే ఉంచేసినారు. జిరాక్సు ఉంది."

జిరాక్సులో ఎడమ వైపు ఇంటివాళ్ళ పేర్లు గుండ్రటి తెలుగు అక్షరాల్లో, ఎదురుగా ఏడు రోజుల అంకెలు ఉన్నాయి. పైన '8-6 నుంచి 14-6' అని తేదీలు. సంవత్సరం లేదు. మొదటి పేరు పౌల్‌రాజు, రెండోది సోమేశ్వరరావు, చివరి పేరు వరహాలమ్మ.

"ఏ వరసలో రాశారివి?"

"ఎవరు ముందు ప్యానెళ్ళు పెట్టించుకుంటే ఆళ్ళు ముందు."

"సంవత్సరం వెయ్యరా?"

"ఫైలు అట్ట మీద ఉంటాది కదమ్మా."

ఆమె ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. సూరి కూడా వెనక నుంచి చూశాడు. అతనికి అంకెలే కనిపించాయి.

*

పౌల్‌రాజు భార్య సామ్రాజ్యం బడిలో పిల్లలకి ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. మోనికా అడిగిన ప్రతిదానికీ రోజు, వేళ సహా జవాబిచ్చింది.

"ఫైలు సిద్ధం చేసిన వారం ఎవరెవరొచ్చారండీ?"

"మంగళవారం మా ఫెలిక్స్ వచ్చాడు, ప్యానెళ్ళు కడగడానికి. మా అన్నకొడుకే. ఈ వీధిలో ప్యానెళ్ళన్నీ వాడు పెట్టినవే. అప్పుడు ఈ ఏడాది ఫైలూ, కిందటేడాది ఫైలూ రెండూ ఇదే బల్ల మీదున్నాయి. ఈయన పోల్చి చూసుకుంటూ, మీటర్లు చూసి రావడానికి బయటికెళ్ళారు. బుధవారం పొద్దున్న సోమేశ్వరరావు గారొచ్చి రెండూ జిరాక్సుకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం తెచ్చిచ్చారు. గురువారం మీటర్ రీడింగుకి సుమన్ వచ్చాడు. ఫైలు తిరగేసి, భలే రాశారు అంకుల్ అన్నాడు. శుక్రవారం సోమేశ్వరరావు గారు రాంచీ తీసుకెళ్ళి దాఖలు చేశారు."

"జిరాక్సు బుధవారమే తీయించారా?"

"దుకాణం ముద్ర ఉంది చూడండి, తేదీతో."

ఉంది. మోనికా తల ఊపి, కిందటేడాది ఫైలు అడిగింది. అది ఇనపపెట్టెలోంచి వచ్చింది. వేలు తడి చేసుకుంటూ ఒక్కో కాగితం తిప్పింది. ఒకచోట ఆగి, రెండు కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఫైలు మూసేసింది.

"ఫెలిక్స్ గారు పనిచేస్తుంటే మీరెక్కడున్నారు?"

సామ్రాజ్యం మొదటిసారి కాస్త కటువుగా చూసింది. "వంటగదిలో టీ పెడుతున్నాను. వాడు పరాయివాడు కాదమ్మా. మా అన్న పోయినప్పుడు వాడికి పదకొండేళ్ళు. ఈ ఇంట్లోనే పెరిగాడు. ఈయనే వాడికి తీగ పట్టుకోడం నుంచి నేర్పారు. వాడి పెళ్ళి కూడా ఈ గుమ్మంలోనే జరిగింది."

బయటికొచ్చాక సూరి ఆగలేకపోయాడు. "సోమేశ్వరరావేనమ్మా! నాకు మొదట్నుంచీ అనుమానమే. రెండు ఫైళ్ళూ పూట సేపు ఆడి చేతిలో ఉన్నాయి."

"అవును, ఉన్నాయి," అంది మోనికా.

సోమేశ్వరరావు ఇల్లు అదే వీధి చివర. రిటైరైన హెడ్ క్లర్కు. ఇళ్ళవాళ్ళ సంఘానికి కార్యదర్శి. గుమ్మం పక్కన తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఆయన స్వయంగా రాసిన ప్రకటన అంటించి ఉంది. అచ్చు వేసినట్టున్నాయి అక్షరాలు. వీధిలో పెద్దవాళ్ళు చదువుకోడానికి పిటిషను తెలుగులో రాసింది కూడా ఆయనే.

"నన్ను అనుమానించడానికి కారణముంది, కాదనను," అన్నాడాయన, వాళ్ళు కూర్చోకముందే. "రాజీ పడదామన్నది నేనే. రెండు యూనిట్లకి ఒకటిస్తామంటే ఒప్పేసుకుందామన్నాను. పౌల్‌రాజు నా మీద గిన్నె విసిరినంత పని చేశాడు. అయితే మాత్రం? నా సంతకంతో దాఖలైన ఫైలండీ అది. దాన్లో దొంగ కాగితం పెట్టి నా పరువు నేనే తీసుకుంటానా?"

"లాయరు ఆ కాగితం ఎలా పట్టుకున్నాడు? వెతికాడా?"

ఆయన ఆలోచించాడు. "లేదు. చీటీ పెట్టుకుని ఉన్నాడు. తిన్నగా అక్కడే తెరిచాడు. పిటిషనుతో కలిపి నూరు పేజీల్లో."

"అంటే ఎవరో చెప్పారు."

"చెప్పారు," అన్నాడు సోమేశ్వరరావు నెమ్మదిగా. ఆయన మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "మనలో ఎవరో."

*

మర్నాడు కస్తూరమ్మ ఇంటికి వెళ్ళారు. ఆ వీధిలో అందరికన్నా ఆఖర్న, ఈ ఫిబ్రవరిలో, ప్యానెళ్ళు పెట్టించుకున్నది ఆమె. పిండివంటలు చేసి అమ్ముతుంది. ఇచ్ఛాపురం వైపు మనిషి.

"పౌలన్న అబద్ధమాడతాడేటమ్మా? రోజూ సాయంత్రం వచ్చి నా మీటరు చూసి రాసుకునేవోడు. వాన పడినా వచ్చేవోడు."

మోనికా కళ్ళు మెట్ల కింద ఆగాయి. అక్కడ గోడకి నాలుగు ఇనప కమ్మీలు, వాటి మధ్య ఖాళీ.

"అదేమిటమ్మా?"

"బ్యాటరీకంట. ప్యానెళ్ళు బిగించినప్పుడే ఫెలిక్స్ బాబు పెట్టేసినాడు. జాగా ఉంచుకో పిన్నీ, వానాకాలం పోయేసరికి అందరికీ బ్యాటరీలు కావాల్సొత్తాయి అన్నాడు. నాకేటి తెలుసు, సరేనన్నాను."

"ఫిబ్రవరిలోనే అన్నాడా?"

"అప్పుడే."

వీధిలోకి వచ్చాక మోనికా అడిగింది, "బాబాయ్, యూనిట్‌కి యూనిట్ జమ అవుతున్నప్పుడు ఇంట్లో బ్యాటరీ ఎందుకు?"

"అక్కర్లేదు కదమ్మా. లైనే మన బ్యాటరీ. పగలు ఇత్తాం, రాత్రి తీసుకుంటాం."

"ఎప్పుడు అక్కరొస్తుంది?"

సూరి జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. ఎండ నెత్తి మీదుంది. ఫెలిక్స్‌ని అతను నిక్కర్ల వయసు నుంచి ఎరుగును. షెడ్డు గేటు దగ్గర మామయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడేవాడు.

పర్సుడీహ్ బజార్లో ఫెలిక్స్ దుకాణం రద్దీగా ఉంది. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. నవ్వు మొహం. సూరిని చూడగానే వచ్చి వంగి కాళ్ళకి మొక్కాడు.

"అరే సూరి అంకుల్! ఆయియే, బైఠియే. మామయ్య కేస్ కోసం వచ్చారా? నాకు రెండ్రోజులుగా నిద్ర లేదు, సచ్ మే."

"మీ మామయ్య రాసిన ఫైళ్ళు మీరు చూశారా?" అడిగింది మోనికా.

"చూస్తే మాత్రం నాకేం తెలుస్తుంది మేడమ్? బోల్ లేతా హూఁ, లిఖ్నా పఢ్నా నహీఁ ఆతా. హిందీ స్కూలు కదా, తెలుగు చదవడం రాయడం రాదు." నవ్వుతూ బల్ల మీదున్న నోటుపుస్తకం చూపించాడు. "చర్చి పాటలు కూడా చూడండి, హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతాను. అత్త తిడుతుంది."

నిజమే. తెలుగు కీర్తనలు, హిందీ లిపిలో. మోనికా రెండు పేజీలు తిప్పి చూసి, పుస్తకం జాగ్రత్తగా మూసి ఇచ్చేసింది.

"పైన కొత్త బోర్డు కట్టారు. కాగితం కప్పి ఉంచారేం?"

"అది... ఉద్ఘాటన్ ఇంకా కాలేదు మేడమ్. వచ్చే నెల మొదలుపెడతాం."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సూరి తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "సూసినావా అమ్మా? ఆడికి తెలుగు రాదు. పౌలు రాతని ఆడెలాగ దించుతాడు? ఆడు కాదు."

మోనికా అతని వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది. సూరికి అది నచ్చలేదు.

"ఆదివారం చర్చి అయ్యాక అందర్నీ పౌల్‌రాజు గారింటికి రమ్మనండి బాబాయ్," అంది.

*

ఆదివారం పన్నెండు గంటలకి అందరూ వసారాలో చేరారు. పౌల్‌రాజు, సామ్రాజ్యం, సోమేశ్వరరావు, కస్తూరమ్మ, వరహాలమ్మ. మీటర్ రీడర్ సుమన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఫెలిక్స్ మెట్టు మీద కూర్చున్నాడు. సూరి అతని పక్కనే.

"నేను ఎక్కువ చెప్పను," అంది మోనికా. "జూన్ పన్నెండు అంకెలు అబద్ధమని అందరూ ఆ గడినే చూశారు. ఆ కాగితంలో ఎంతమంది పేర్లున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కస్తూరమ్మ గారూ, మీ పేరెక్కడుందో చూడండి."

కస్తూరమ్మ కాగితం తీసుకుని పై నుంచి కిందికి వేలు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. "నాది లేదు! ఆఖర్న వరహాలమ్మ పేరే ఉంది."

"ఫిబ్రవరి నుంచి ప్రతి కాగితంలోనూ పదకొండు ఇళ్ళున్నాయి. దీంట్లో పదే ఉన్నాయి. ఎందుకంటే ఇది ఈ ఏడాదిది కాదు. కిందటేడాది జూన్ రెండో వారానిది. అప్పటికి కస్తూరమ్మ గారికి ప్యానెళ్ళు లేవు. కాగితాల మీద సంవత్సరం రాయరు కనక, ఒక ఫైల్లోంచి తీసి రెండో ఫైల్లో పెడితే పోల్చలేరు. కిందటేడాది ఫైల్లో ఆ వారం కాగితం లేదు. నేను చూశాను."

పౌల్‌రాజు నోరు తెరిచాడు. "అయితే... రాసింది నేనే."

"మీరే రాశారు. అబద్ధమేమీ రాయలేదు. మీ చేత అబద్ధమాడించారు." ఆమె గొంతు ఇంకా మెత్తబడింది. సూరికి ఆ మెత్తదనం తెలుసు. "బుధవారం తీసిన జిరాక్సులోనే ఈ దొంగ కాగితం ఉంది. సుమన్ వచ్చింది గురువారం. కనక అతను కాదు. రెండు ఫైళ్ళూ ఒకేచోట దొరికింది మంగళవారం ఫెలిక్స్‌కి, బుధవారం సోమేశ్వరరావు గారికి."

సోమేశ్వరరావు నిటారుగా కూర్చున్నాడు.

"సోమేశ్వరరావు గారిది అచ్చులాంటి తెలుగు రాత. ఆయనే అయితే ఒక్క నిమిషం పని. కింద కస్తూరమ్మ అని ఒక పేరూ, ఏడు అంకెలూ చేర్చేస్తే కాగితం నిక్కంగా ఉండేది. ఎవరూ ఎప్పటికీ పట్టుకోలేకపోయేవారు. ఆ ఒక్క పేరూ చేర్చలేదు. చేర్చడం మరిచిపోయాడనుకోవచ్చు. కానీ కస్తూరమ్మ గారి ప్యానెళ్ళు స్వయంగా బిగించిన మనిషి మరిచిపోతాడా? మరిచిపోలేదు. ఆ పేరు తెలుగులో రాయడం అతనికి రాదు."

ఫెలిక్స్ నవ్వబోయాడు. "మేడమ్, యే క్యా బాత్ హుయీ? తెలుగు రాకపోతే దొంగా?"

"కాదు. దానికి కారణం కావాలి. యూనిట్‌కి యూనిట్ జమ ఉన్నంత కాలం ఎవరికీ బ్యాటరీ అక్కర్లేదు. ఆ పద్ధతి పోయి మూడుకి ఒకటి వస్తే, పగటి కరెంటు ఇంట్లోనే దాచుకోవాలి. ప్రతి ఇంటికీ బ్యాటరీ కావాలి. మీరు ఫిబ్రవరిలోనే మెట్ల కింద కమ్మీలు దిగేశారు. పర్సుడీహ్‌లో కాగితం కప్పిన బోర్డు రాసిన పెయింటర్‌ని నిన్న కలిశాను. ఏం రాశాడో మీరు చెబుతారా, నేను చెప్పనా?"

ఫెలిక్స్ అత్త వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

పౌల్‌రాజు లేచి, జేబులోంచి పెన్ను తీసి, జిరాక్సు కాగితం వెనక్కి తిప్పి అతని ముందు పెట్టాడు. "రాయి నాన్నా. కస్తూరమ్మ అని రాయి. నీకొచ్చని చూపించు. ఈవిడ చెప్పింది తప్పని చూపించు. రాయరా!"

ఫెలిక్స్ పెన్ను పట్టుకున్నాడు. కాగితం మీద ఏమీ పడలేదు. సూరి పక్కకి తిరిగి వీధిలోకి చూశాడు. ఫెలిక్స్ వైపు చూడటం అతని వల్ల కాలేదు.

"రాంచీలో బ్యాటరీల వ్యాపారి ఒకడు జిల్లా మొత్తానికి ఏజెన్సీ ఇస్తానన్నాడు మామయ్యా," అన్నాడు ఫెలిక్స్ చివరికి. హిందీ పోయింది, చిన్నప్పటి తెలుగు వచ్చింది. "రూల్ మారితేనే ఇత్తానన్నాడు. నీ ఫైలుంటే రూల్ మారదన్నాడు. ఒక్క కాగితం చాలనుకున్నాను. లాయరుకి వాడే చెప్పాడు. నీ మీద కేసంటారని నాకు తెలీదు. నీకు బ్యాటరీ ఊరికే పెట్టేవోణ్ణి. ఒట్టు."

"ఊరికే పెట్టేవోడివా," అన్నాడు పౌల్‌రాజు. అరుస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన అరవలేదు. "ఏజెన్సీ కావాలని నన్నడిగుంటే వద్దనేవోణ్ణి. అప్పుడు నాతో దెబ్బలాడాల్సింది. నా ఎదర నిలబడి, మామయ్యా నువ్వు తప్పు, లోకం మారిపోతంది అని ఆ సభలో చెప్పాల్సింది. ఓడిపోయినా గర్వపడేవోణ్ణిరా. నువ్వు నా రాతతోనే నన్ను దొంగని చేసినావు."

"అసలు కాగితం ఏమైంది?" మోనికా అడిగింది.

ఫెలిక్స్ లేచి, గేటు బయటున్న తన మోటార్ సైకిలు దగ్గరికెళ్ళి, సీటు కిందినుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. "చింపుదామని రెండుసార్లు తీశాను. చింపలేకపోయాను."

జూన్ పన్నెండు గడిలో, పై నుంచి కిందికి, పదకొండు సున్నాలు. పక్కన పౌల్‌రాజు చిన్న అక్షరాల్లో రాసుకున్నాడు: 'లైను కట్. స్తంభాలు మార్చారు. వీధంతా చల్లారిపోయింది.'

ఫెలిక్స్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఎవరైనా ఏదైనా అంటారని చూస్తున్నాడు. సామ్రాజ్యం లేచి లోపలికెళ్ళింది. కాసేపటికి వంటగది తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. అతను వెళ్ళిపోయాడు.

*

రెండో విచారణకి హాలు కిక్కిరిసింది. మోనికా తన నివేదికా, అసలు కాగితమూ, కిందటేడాది ఫైలూ కమిషన్ ముందు పెట్టింది. లాయరు మర్యాదస్తుడే. తన ఆరోపణ వెనక్కి తీసుకుంటానన్నాడు. కానీ ఒక ప్రశ్న అడిగాడు. అడగక తప్పదు కూడా.

"కాగితం మార్చిందెవరు? పేరు రికార్డులోకి రావాలి."

పౌల్‌రాజు మైకు ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. నివేదికలో పేరుంది, చదివితే చాలు. అయినా ఆయన వల్ల కాలేదు. సూరి సాయానికి లేవబోయాడు. అంతలో ఆడవాళ్ళ వరసలోంచి సామ్రాజ్యం లేచింది. బడిలో హాజరు పిలిచే గొంతుతో, హాలంతా వినపడేలా చెప్పింది.

"ఫెలిక్స్. మా అన్నకొడుకు. నేను పెంచిన పిల్లవాడు. ఫైళ్ళు బల్ల మీద వదిలి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది నేనే. రాసుకోండి."

చెప్పి కూర్చుంది. వెక్కి ఏడ్చింది అప్పుడు కాదు, ఇంటికెళ్ళాక కూడా కాదని, నాలుగో రోజు చపాతీ పిండి కలుపుతూ ఏడ్చిందని పౌల్‌రాజు తర్వాత సూరికి చెప్పాడు.

సెప్టెంబరు చివర్లో తీర్పు వచ్చింది. ప్యానెళ్ళున్న ఇళ్ళకి యూనిట్‌కి యూనిట్ జమ కొనసాగాలని, వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద తగ్గిన బరువు కూడా ఇళ్ళవాళ్ళు ఇచ్చిన విలువేనని అందులో ఉంది. ఆ మాటకి ఆధారంగా పౌల్‌రాజు లెక్క చూపించారు. వీధంతా స్వీట్లు పంచుకున్నారు. పౌల్‌రాజుతో మాట్లాడటం మానేసినవాళ్ళే ముందుగా వచ్చారు. సూరి సోమేశ్వరరావు దగ్గరికెళ్ళి, "మీ మీద తప్పుగా అనుమానపడ్డాను, మాఫ్ చెయ్యండి," అన్నాడు. ఆయన, "నేనూ రెండ్రోజులు పౌల్‌రాజునే అనుమానించానండీ," అని తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం వరహాలమ్మ తన మనవరాలు సోనీని వెంటబెట్టుకుని వచ్చింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసిన పిల్ల. ఇక మీదట ఈ వీధి ప్యానెళ్ళ పని చూసుకోడానికి ఎవరో ఒకరు కావాలి కదా, నేర్పమని అడగడానికి వచ్చారు.

"ముఝే సబ్ సీఖ్నా హై," అంది ఆ పిల్ల ఉత్సాహంగా. "నేర్పుతారా, తాతయ్యా?"

పౌల్‌రాజు మొహం ఒక్క క్షణం వెలిగింది. సూరి చూశాడు. తర్వాత ఆ వెలుగు ఆయనే చేత్తో అదిమేసుకున్నట్టు పోయింది.

"నేర్పుతానమ్మా. నాకొచ్చింది అంతా నేర్పుతాను, ఏదీ దాచను. రేపు ఆరింటికల్లా వచ్చేయి." ఆయన కొంచెం ఆగి, ఆ పిల్ల కళ్ళలోకి చూడకుండా అన్నాడు, "ఒక్క మాట. తాతయ్యా అనొద్దు. సార్ అను."